అంగుళం తక్కువ

స్టోన్‌హౌస్‌పేటలో మూతపడ్డ బియ్యం మిల్లు
తాళం తీసిన రోజు
తవుడు వాసన ముందుగా వచ్చి పలకరించింది.
మేం నలుగురం.
చీపుర్లు మూడు.

మహజబీన్ పాలిటెక్నిక్‌లో డ్రాయింగు చెబుతుంది,
చేతిలో టేపు లేకుండా ఆమెని ఎవరూ చూళ్ళేదు.
పెంచలయ్య నలభయ్యేళ్ళు షాపుల నొసటన అక్షరాలు రాశాడు,
ఫ్లెక్సీలొచ్చాక కుంచెలు కడిగి అటకెక్కించాడు.
ఏసురత్నం ఇళ్ళకి ప్లాన్లు గీస్తాడు,
గీసినవేవీ తనకే నచ్చవు.
నేను లెక్కలు రాసేదాన్ని,
టీ డబ్బులు ఎగ్గొట్టకుండా చూసేదాన్ని.

"డిజైనంటే ఏందో ఈ ఊరికి చూపిద్దాం" అన్నాం.
ఊరు వినలేదు.
ట్రంకురోడ్డు మీద దానికి బోలెడు పనుంది.

నెలంతా తిరిగాం.
ఉదయగిరి నుంచి బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన చెక్క గరిటె,
పిడి నిండా చేప పొలుసుల చెక్కడం.
ఎవరింటి గోడలోంచో ఊడొచ్చిన సిమెంటు జాలీ,
ఎండని పువ్వులుగా కత్తిరించి
గదిలో పరిచేదట ఒకప్పుడు.
సంతపేట దర్జీ అట్టముక్కలు,
ఒక్కోదాని మీద ఒక్కో మనిషి భుజం, పెన్సిలుతో పేరు.
చచ్చిపోయినవాళ్ళ కొలతలు కూడా
పారెయ్యలేదాయన.

పోట్లాడుకోలేదా? పోట్లాడుకున్నాం.
రొయ్యల గుంటలో తిరిగే ఏరేటర్ రెక్కని
ఇక్కడ పెట్టొచ్చా పెట్టకూడదా అని
మహజబీన్‌కీ ఏసురత్నానికీ రెండు రోజులు మాటల్లేవు.
"ముందు దాని పేరు రాయనీండి నన్ను" అన్నాడు పెంచలయ్య.
అటక మీంచి దిగిన కుంచెతో రాశాడు.
'ర' మీది తలకట్టు
నీళ్ళు చిమ్ముతున్నట్టే ఉంది.
నవ్వు ఇద్దరికీ ఒకేసారి వచ్చింది,
రెక్క లోపలికొచ్చింది.

అన్నిటికన్నా చివర దొరికింది, స్టూలు.
మూలాపేట మలుపులో ఇడ్లీలమ్మే మస్తానమ్మది.
వేపచెక్క. ఒక కాలు అంగుళం తక్కువ.
తెచ్చి మిల్లు నడిమధ్యన పెడితే
నున్నటి గచ్చు మీద టకటకా ఊగింది.

"కింద అట్ట మడిచి పెడదాం" అన్నాను.
"తప్పుగా కోసిందాన్ని చూపించడమెందుకు" అన్నాడు ఏసురత్నం.
మహజబీన్ ఏమీ అనలేదు.
టేపు తీసుకుని మూలాపేట పోయింది.
కాలవ పక్కన, మస్తానమ్మ కూచునే చోట
నేలని కొలిచి వచ్చింది.
పలక మీద సుద్దతో రాసింది:
వాలు, అంగుళం.

తర్వాత మస్తానమ్మే చెప్పింది.
"మా తమ్ముడు బ్రహ్మయ్య చేసినాడమ్మా.
నన్ను కూచోబెట్టి చేతికి నీళ్ళ చెంబిచ్చినాడు.
చూసేది, లేపేది, రవ్వంత కోసేది,
మళ్ళా కూచోమనేది.
చెంబులో నీళ్ళు తిన్నంగా నిలిచిందాకా
వాడి రంపం నిలవలా."

అట్ట తీసేశాం. ఊగితే ఊగనీ.

మొదటి రోజు ముప్పయ్యొక్క మంది వచ్చారు.
పదకొండు మంది నీడకి.
ఒకాయన మిల్లు అమ్ముతారా అని అడిగాడు.
మూడో రోజు సాయంత్రం
గుమ్మంలో మస్తానమ్మ:
"నా స్టూలు నాకియ్యండి నాయనా,
బక్కెట్టు బోర్లించుకుని కూచుంటే
నడుం పోతా ఉండాది."
బిడ్డని ఎత్తుకున్నట్టు చంకన పెట్టుకుని
వెనక్కి చూడకుండా పోయింది.

గచ్చు మీద నాలుగు సుద్ద గుర్తులు మిగిలాయి.
అక్కడ గరిటె పెడదామా, జాలీ పెడదామా అని
మేం ఇంకా తేల్చుకోకముందే
పెంచలయ్య రేకుముక్క మీద రాసి ఆనించేశాడు:
"ఇక్కడుండేది పనికి పోయింది.
మూలాపేట మలుపు.
తెల్లారి ఆరు నుంచి పదిదాకా."

మర్నాడు పొద్దున మేం పోయేసరికి
ఆరేడుగురు వంగి ఆమె కాళ్ళకింద చూస్తున్నారు.
"ఇడ్లీ కావాల్నా, చెక్క కావాల్నా?
చెక్కయితే తమ్ముడు కోవూరులో ఉండాడు, పోండి"
అని కసురుతూనే వడ్డిస్తోంది.
గరిటె ఆగలేదు, స్టూలు కదల్లేదు.

ఏసురత్నం వరసలో అందరికన్నా వెనక.
ప్లేటు అందుకున్నాడు, తినలేదు,
నేల మీద పెట్టాడు.
సాంబారు మెల్లగా ఒక పక్కకి జరగడాన్ని
చల్లారిందాకా చూస్తూ కూచున్నాడు.